లినక్స్ వేసుకోమన్నారు సరే, లోపలున్న కార్డు సంగతేమిటి?

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత డెస్క్‌టాప్‌లు పారేయకండి, విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి, పైసా ఖర్చు లేదు, అరగంటలో అయిపోతుంది అని ఈమధ్య మీ కంప్యూటర్ల పేజీలో రాశారు. అందులో తప్పుందని నేను అనడం లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలంటుంది, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది. మన వైపు ఇళ్లల్లో, ట్యూషన్ సెంటర్లలో, చిన్నచిన్న ఆఫీసుల్లో చూడండి, రెండో జనరేషన్, నాలుగో జనరేషన్ ఐ3లు ఇంకా బంగారంలా పనిచేస్తున్నాయి. వాటిని తూకానికి అమ్మేయమనడం అన్యాయం, లినక్సే సరైన దారి, అంతవరకూ మీతో నాకు పేచీ లేదు.

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో మాది కంప్యూటర్ రిపేరు షాపు. మీ వ్యాసం వచ్చిన దగ్గర్నుంచి, లినక్స్ వేశాక స్క్రీన్ నల్లబడిందని సీపీయూ పట్టుకొచ్చేవాళ్లు పెరిగారు. నీకు బేరమే కదా, మంచిదేగా అని మీరనొచ్చు. కానీ వచ్చేవాళ్లలో సగంమంది ముఖాలు చూస్తే బేరం అనిపించదు, ఉచితం అన్నది నమ్మి చేసుకుని, ఆటో ఛార్జీలు పెట్టుకుని, పైగా మాకు డబ్బులిచ్చి బాగు చేయించుకోవాల్సి వస్తోంది వాళ్లకి.

మీ వ్యాసంలో ర్యామ్ గురించి ఉంది. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టుకోమని ఉంది, మంచి సలహా. పెన్‌డ్రైవ్ తయారు చేయడం బొమ్మలేసి మరీ చూపించారు. స్క్రీన్ మీద బొమ్మ తెప్పించే గ్రాఫిక్స్ కార్డు అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. మా షాపుకొచ్చే లినక్స్ ఇబ్బందులు ఎక్కువ భాగం సరిగ్గా అక్కడే మొదలవుతాయి, అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒకటి తెలుసుకోవాలి. లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే ఆ కార్డుతో పని చేయించే ప్రోగ్రామ్, అందరూ విడిగా ఎక్కించుకోవాల్సింది కాదు. ఇంటెల్ గ్రాఫిక్స్‌కి కావాల్సింది కెర్నల్‌లోనే, అంటే లినక్స్ గుండెకాయలోనే ఉంటుంది. ఏఎండీ కార్డులకీ అంతే, పాతవాటికి రేడియాన్, కొత్తవాటికి ఏఎండీజీపీయూ అనే డ్రైవర్లు దానిలోనే వచ్చేస్తాయి, వాటితో కలిసి బొమ్మలు గీసే మీసా అనే భాగం కూడా ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకాల్లో ముందే ఉంటుంది. అలాంటి మెషీన్‌లో మనం చేయాల్సింది ఏమీ లేదు, నిజంగా ఏమీ లేదు, అయినా సరే విండోస్ అలవాటుకొద్దీ "డ్రైవర్ సీడీ ఎక్కడుంది" అని వెతికేవాళ్లున్నారు. పేచీ అంతా ఎన్‌విడియా అనే కంపెనీ కార్డుతో. ఆ కంపెనీ చాలా ఏళ్లు తన డ్రైవర్ కోడ్ ఎవరికీ చూపించలేదు. కార్డు ఎలా పనిచేస్తోందో బయటినుంచి గమనిస్తూ కొందరు సొంతంగా రాసుకున్న డ్రైవర్ నూవో, తాళంచెవి ఇవ్వని ఇంటికి తాళంకప్ప చూసి మారుచెవి చేసుకున్నట్టన్నమాట, అది 2010లో కెర్నల్‌లోకి వచ్చింది. 2012లో ఫిన్లాండ్‌లో ఒక యూనివర్సిటీ సభలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ కంపెనీ పేరు చెప్పి కెమెరా వైపు మధ్యవేలు చూపించాడు, ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆయనంతటివాడికే అంత కోపం వచ్చిందంటే మా షాపుకొచ్చిన గజపతినగరం మాస్టారికి రావడంలో వింతేముంది. 2022 మేలో ఎట్టకేలకు కంపెనీ కెర్నల్ భాగం కోడ్ బయటపెట్టింది గానీ అది ట్యూరింగ్ తరం నుంచి, అంటే జీటీఎక్స్ 16 సిరీస్, ఆర్‌టీఎక్స్ 20 సిరీస్, ఆ తర్వాతవాటికి. పాత కార్డులకి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

పాత కార్డులంటే మన ఊళ్లల్లో ఏవి? జీటీ 710, జీటీ 730. పదేళ్ల కిందట అసెంబుల్డ్ మెషీన్ కొన్నవాళ్లకి "2 జీబీ గ్రాఫిక్స్ కూడా వేశాం సార్" అని అంటగట్టినవి ఇవే. ఇందులో జీటీ 730 సంగతి వింటే మీరే ఆశ్చర్యపోతారు. 2014లో వచ్చిన ఈ కార్డు ఒకే పేరుతో రెండు రకాల చిప్‌లతో అమ్ముడుపోయింది. ఒకటి ఫెర్మీ తరం, చిప్ పేరు జీఎఫ్108. రెండోది కెప్లర్ తరం, జీకే208. మొదటిదానికి కంపెనీ డ్రైవర్ 390 సిరీస్ వరకే, రెండోదానికి 470 వరకే. 390 సిరీస్‌ని 2022తోనూ, 470ని 2024తోనూ కంపెనీ వదిలేసింది. కొత్త కెర్నల్ మీద 390ని ఎక్కించబోతే అది అసలు కంపైల్ కాదు, అంటే నడిచే రూపంలోకి తయారే కాదు, బయటివాళ్లు రాసిన ప్యాచ్‌లు వెతుక్కోవాలి. అట్టపెట్టె మీద, బిల్లు మీద రెండింటికీ ఒకటే పేరు. టెర్మినల్ అనే కమాండ్ల కిటికీ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ (lspci) అని చిన్న అక్షరాల్లో కొడితే వీజీఏ అని ఉన్న లైన్‌లో అసలు చిప్ పేరు కనపడుతుంది, అది చూడకుండా ఏ డ్రైవరూ ముట్టుకోకూడదు.

మాస్టారు అన్నాను కదా, ఆయన రిటైర్ అయిన లెక్కల మాస్టారు, సీపీయూని ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చారు. "ఏటి బాబూ, పేపర్లో సూసి మా మనవడు ఎక్కించినాడు, ముందు రోజు బాగానే ఉన్నాది, మరునాడు లోగో వచ్చి నల్లగైపోనాది" అన్నారు. ముందు రోజు బాగుంది అన్న మాట దగ్గరే నాకు సగం అర్థమైంది. లినక్స్ మింట్ వేసినప్పుడు నూవో డ్రైవర్ తనంతట తాను పనిచేసింది, స్క్రీన్ చక్కగా వచ్చింది. గుంటడు బీటెక్, ఊరుకోలేదు, ఎన్‌విడియా కార్డు ఉంది కదా అసలు డ్రైవర్ వేద్దామని కంపెనీ సైటుకెళ్లి అన్నిటికన్నా కొత్తది దించి, ఏదో వీడియోలో చెప్పినట్టు ఆ రన్ ఫైల్, అంటే ఇన్‌స్టాలర్, నడిపాడు. ఆ ఇన్‌స్టాలర్ ముందుగా చేసే పని నూవోని ఆపేయడం. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి అక్షరాల స్క్రీన్‌లోకి వెళ్లి కెర్నల్ సందేశాలు చూస్తే అందులో స్పష్టంగా ఉంది, ఈ కార్డుకి 390 పాత డ్రైవర్ కావాలి, ఈ కొత్త డ్రైవర్ ఈ కార్డుని పట్టించుకోదు అని. అంటే ఉన్న డ్రైవర్‌ని తీసేశారు, వచ్చిన డ్రైవర్ నేను చేయనంది. మెషీన్ తప్పేముంది ఇందులో?

దాన్ని తీసేయడంలోనూ ఒక మెలిక ఉంది, ఇది మీ పాఠకుల్లో కాస్త తెలిసినవాళ్లకి పనికొస్తుంది. డ్రైవర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన నూవో వెనక్కి రాకపోవచ్చు. నూవోని ఆపమని రాసిన చిన్న ఫైల్ మోడ్‌ప్రోబ్ ఫోల్డర్లో మిగిలిపోతుంది, ఎక్స్11 ఫోల్డర్లో ఎక్స్‌ఆర్గ్ కాన్ఫ్ అనే ఫైల్ కూడా "ఎన్‌విడియానే వాడు" అని పట్టుకుని కూర్చుంటుంది. రెండూ తీసి, ఆన్ చేయగానే కెర్నల్‌తో పాటు ముందుగా లోడయ్యే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ని అప్‌డేట్ చేసి, అప్పుడు రీస్టార్ట్ చేయాలి. ఇవి తీయకుండా "అన్నీ చేశాం, లినక్సే బాలేదు" అని మళ్లీ ఫార్మాట్ కొట్టేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

మాస్టారి మెషీన్‌కి చివరికి ఏ డ్రైవరూ వేయలేదు. కార్డే పీకేశాను. ఆయనది నాలుగో జనరేషన్ ఐ3, ప్రాసెసర్‌లోనే ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంది, సీపీయూ వెనకాల యూఎస్‌బీల పక్కన వీజీఏ, హెచ్‌డీఎంఐ పోర్టులు ఉన్నాయి, వాటికి కొన్ననాడు పెట్టిన ప్లాస్టిక్ మూత కూడా తీయలేదు. మూత తీసి, మానిటర్ వైరు అక్కడ పెట్టి ఆన్ చేస్తే అంతే, ఫుల్ రిజల్యూషన్. "మరి ఆ కార్డు డబ్బులో?" అన్నారు మాస్టారు. దానికి నా దగ్గర సమాధానం లేదు మరి. ఆయన చూసేది యూట్యూబ్‌లో ప్రవచనాలు, మనవరాలితో వీడియో కాల్, లిబ్రేఆఫీస్‌లో ఏవో పద్యాలు టైప్ చేసుకుంటారు. ఆ పనులకి ఇంటెల్ గ్రాఫిక్స్ ధారాళంగా సరిపోతుంది, పైగా కార్డు ఫ్యాను గోల పోయింది, కరెంటూ కాస్త తగ్గుతుంది.

ఎడిటర్ గారూ, నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. పాత ఆఫీసు మెషీన్, పాత చవక ఎన్‌విడియా కార్డు, పని మామూలు పని అయితే డ్రైవర్ కోసం కుస్తీలు వద్దు, కార్డు తీసి పక్కన పెట్టేయండి. డ్రైవర్ ఎలా ఎక్కించాలో చెప్పే వీడియోలు కొల్లలు, కార్డు తీసేయమని మాత్రం ఎవరూ చెప్పరు, చెబితే వీడియో రెండు నిమిషాల్లో అయిపోతుంది కదా. తీసేముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. మదర్‌బోర్డుకి సొంతంగా డిస్‌ప్లే పోర్ట్ ఉండాలి, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటికి ఉండదు, ఏఎండీ ఎఫ్ఎక్స్ ప్రాసెసర్లకి ఉండదు. తీశాక స్క్రీన్ రాకపోతే కార్డు తిరిగి పెట్టి బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రైమరీ డిస్‌ప్లే అన్నచోట ఆటో గానీ ఆన్‌బోర్డ్ గానీ పెట్టాలి. కార్డు తీయడం, పెట్టడం ప్లగ్ పీకి చేయండి, స్విచ్ ఆపేస్తే చాలదు.

కార్డు నిజంగా అవసరమైనవాళ్లూ ఉన్నారు. బొబ్బిలి నుంచి ఒక ఫొటో స్టూడియో కుర్రాడు జీటీఎక్స్ 1650 ఉన్న మెషీన్ తెచ్చాడు. అది ట్యూరింగ్ కార్డు, దానికి కంపెనీ డ్రైవర్ శుభ్రంగా పనిచేస్తుంది. మింట్ వాడు డ్రైవర్ మేనేజర్ ఇచ్చాడు, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ అని ఉంటుంది, అందులో రికమెండెడ్ అని ఉన్నది నొక్కితే చాలు, సైట్లకెళ్లే పనే లేదు. ఈ కుర్రాడూ అదే చేశాడు, అయినా పనిచేయలేదు, ఎందుకంటే సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రామ్‌ని ఆన్ అయ్యేటప్పుడు అడ్డుకునే ఏర్పాటు. ఆ డ్రైవర్ మాడ్యూల్ డీకేఎంఎస్ పద్ధతిలో మన మెషీన్లోనే తయారైనప్పుడు దానికి మన మెషీన్ సొంత సంతకం పడుతుంది, ఆ సంతకాన్ని ఒప్పుకున్నట్టు మనం ఒకసారి బయోస్ దశలో చెప్పాలి. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ చేయగానే నీలం స్క్రీన్ వస్తుంది, ఏదైనా కీ నొక్కమని పది సెకన్లు ఇస్తుంది. మనవాళ్లు ఆ టైములో టీ తాగడానికి వెళ్తారు, లేదా నీలం స్క్రీన్ చూడగానే వైరస్ అనుకుని కంటిన్యూ బూట్ నొక్కేస్తారు. అక్కడ ఎన్‌రోల్ ఎంఓకే (ఆ సంతకాన్ని నమోదు చేయి అని) అన్నది ఎంచుకుని ఆ పాస్‌వర్డే కొట్టాలి. తప్పిపోతే డ్రైవర్ డిస్క్‌లో ఉంటుంది గానీ కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు, ఎన్‌విడియా ఎస్ఎంఐ అనే కమాండ్ కొడితే డ్రైవర్‌తో మాట్లాడలేకపోయాను అంటుంది. ఎంఓకేయుటిల్ అనే కమాండ్‌తో ఆ నమోదు మళ్లీ పెట్టి రీస్టార్ట్ చేస్తే సరిపోయింది. సెక్యూర్ బూట్ ఆపేసినా పనవుతుంది, కానీ సంతకం నమోదు చేయడమే మంచిదని నా అభిప్రాయం.

అదంతా అయ్యాక కుర్రాడు నెమ్మదిగా అడిగాడు, ఆల్బమ్ డిజైన్లకి ఫొటోషాప్ ఎలా వేయాలన్నా అని. లినక్స్‌కి ఫొటోషాప్ లేదు తమ్ముడూ అన్నాను. పెళ్లి వీడియోలకి డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో ఉంది గానీ ఉచిత వెర్షన్ అక్కడ హెచ్.264 అనే రకం వీడియో ఫైళ్లు తెరవదు, కెమెరాల్లోంచి వచ్చేవి ఎక్కువగా అవే. అతన్ని తిరిగి విండోస్‌కే పంపాను. తెలుగు డీటీపీ సెంటర్లదీ ఇదే సంగతి, అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద బతికేవాళ్లు ఏ వ్యాసం చదివినా సరే మారకూడదు, టాలీ మీద లెక్కలు రాసుకునే కొట్లవాళ్లు కూడా. ఈ ఒక్క వాక్యం మీ వ్యాసంలో ఉంటే ఎంతోమందికి శ్రమ తప్పేది.

మధ్యరకం కార్డులున్నవాళ్లకి ఒక మాట. జీటీఎక్స్ 750, 900 సిరీస్, 1000 సిరీస్ కార్డులకి 580 సిరీస్ డ్రైవరే ఆఖరిదని కంపెనీ చెప్పేసింది. ఇప్పటికి టెన్షన్ లేదు, 580 మీదే ఉండండి, కొత్త నంబర్ కనపడింది కదా అని మార్చకండి.

ఇక అసలు స్క్రీనే రానివాళ్లు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసినప్పుడే నల్లగా వస్తే మెనూలో మింట్ అయితే కంపాటిబిలిటీ మోడ్, ఉబుంటు అయితే సేఫ్ గ్రాఫిక్స్ అని ఉంటాయి, వాటితో వెళ్లండి. ఇన్‌స్టాల్ అయ్యాక నల్లగా వస్తే ఆన్ చేయగానే పాత మెషీన్లో షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే, కొత్తదాంట్లో ఎస్కేప్ కొడితే గ్రబ్ మెనూ, అంటే లినక్స్‌ని లేపే మెనూ వస్తుంది. అక్కడ ఇ అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర, క్వయట్ స్ప్లాష్ (quiet splash) అన్న మాటల తర్వాత ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ (nomodeset) అని కలిపి టైప్ చేసి ఎఫ్10 నొక్కాలి. స్క్రీన్ వస్తుంది, లావుపాటి అక్షరాలతో, పాత టీవీలా. వచ్చింది కదా అని దాన్నే శాశ్వతం చేసేస్తున్నారు కొందరు, అదే కొంప ముంచేది. నోమోడ్‌సెట్ ఉన్నంతకాలం కెర్నల్‌లో ఉండే ఏ గ్రాఫిక్స్ డ్రైవరూ సరిగా లేవదు, నూవో కాదు, ఇంటెల్ కూడా కాదు, పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ అన్నచోట ఎల్ఎల్‌వీఎంపైప్ అని కనపడితే సంగతి అదేనని తెలుసుకోండి. యూట్యూబ్ పెడితే సీపీయూ ఫ్యాను హోరెత్తడం, వీడియో ముక్కలు ముక్కలుగా రావడం దీనివల్లే. లోపలికి వెళ్లడానికి మాత్రమే దాన్ని వాడి, డ్రైవర్ సరిచేశాక తీసేయాలి.

మన దగ్గర ఇంకో శత్రువు కరెంటు. అప్‌డేట్ జరుగుతుండగా, అందులోనూ కొత్త కెర్నల్‌కి డ్రైవర్ తయారవుతుండగా కరెంటు పోతే సగంలో ఆగిపోతుంది, మళ్లీ ఆన్ చేస్తే నల్లతెర. కంగారుపడి ఫార్మాట్ చేయకండి. గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాత కెర్నల్ ఉంటుంది, దాంతో మామూలుగా లేస్తుంది, లేచాక డీపీకేజీ కాన్ఫిగర్ కమాండ్‌తో ఆగిన పని పూర్తి చేయొచ్చు. యూపీఎస్ లేనివాళ్లు గాలీవానా ఉన్న రోజున అప్‌డేట్ జోలికి పోకపోవడం మేలు. నెట్ లేని పల్లెల్లో ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో పెట్టి టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ వెంటనే పట్టుకుంటుంది, కానీ ఎన్‌విడియా డ్రైవర్ కొన్ని వందల ఎంబీ ఉంటుంది, డేటా చూసుకుని మొదలుపెట్టండి.

మీ పేజీ రాసేవారికి నా విన్నపం. ఈసారి లినక్స్ గురించి వేసినప్పుడు ఇన్‌స్టాల్ నొక్కమనే ముందు, అదే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి చూడమని రాయండి. డిస్క్‌లో ఏదీ మారదు, స్క్రీన్ సైజు సరిగ్గా వచ్చిందా, వీడియో ఆగకుండా నడుస్తోందా అన్నది పావుగంటలో తేలిపోతుంది. అక్కడే కార్డు పేరు, చిప్ పేరు ఎలా చూడాలో ఒక బొమ్మ వేయండి, పెన్‌డ్రైవ్ బొమ్మ ఒకటి తగ్గినా ఫర్వాలేదు. సెకండ్ హ్యాండ్ మెషీన్ కొనేవాళ్లకి కూడా చెప్పండి, బిల్లు మీద "2 జీబీ గ్రాఫిక్స్" అని రాస్తే ఊరుకోకుండా కార్డు మోడల్ ఏమిటో, చిప్ ఏమిటో రాయించుకోమనండి. రాయనంటే కార్డు లేకుండా ఎంతకిస్తారో అడగమనండి, మామూలు పనికైతే అదే తీసుకోవచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు,
గంటస్తంభం దగ్గర, విజయనగరం.